బాదుల కింద వానాకాలం

ఆ వానాకాలం మేం ఇంట్లో నడవడం కొత్తగా నేర్చుకున్నాం. హాల్లో, రెండు గదుల్లో, వంటింట్లో, ఎటు చూసినా సరుగుడు బాదులే. కొత్తగా పోసిన స్లాబుకి కింద పోటు పెట్టినవి. బాదుకీ బాదుకీ మధ్య ఒక మనిషి పట్టేటంత సందు. అన్నం గిన్నె పట్టుకుని వెళ్ళాలంటే భుజం ఓరగా తిప్పాలి. మంచాలు పట్టవు కాబట్టి చాపలు వేసుకునేవాళ్ళం. అవీ వంకరటింకరగా పడేవి. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి మెర్సీ ఒక బాదుకి అద్దం కట్టుకుంది, ఇంకోదానికి కాలేజీ బ్యాగు తగిలించింది. స్నేహితురాళ్ళు ఫోన్ చేసి ఎక్కడున్నావంటే, "సరుగుడు తోటలో ఉన్నానే" అనేది.

మామూలుగా అయితే స్లాబు వేసిన మూడు వారాలకి కింద చెక్కలూ బాదులూ పీకేస్తారు. మాది మే నెల మొదట్లో వేశారు. ఆగస్టు వచ్చినా బాదులు కదల్లేదు. ఎందుకు కదల్లేదో గట్టిగా అడగడానికి నాకు నోరు రాలేదు. కట్టిన మేస్త్రి పరాయివాడైతే అడిగేదాన్ని. కట్టింది మా మరిది రవికుమార్.

మా ఊరు అమలాపురం నుంచి కాట్రేనికోన వెళ్ళే దారిలో ఉంటుంది. మావారు విజయ్ కుమార్ ఆర్టీసీలో కండక్టరు. పాత పెంకుటిల్లు పడగొట్టి అదే స్థలంలో స్లాబు ఇల్లు కట్టుకుందాం అనుకున్నప్పుడు అన్నదమ్ములిద్దరూ పని పంచుకున్నారు. సామాను తేవడం అన్నయ్య వంతు. కట్టడం తమ్ముడి వంతు. మావారికి ఒక గొప్ప ఉంది. ఏ పని పడినా దానికి సంబంధించిన మనిషి ఒకరు ఆయన బస్సు ఎక్కుతూ ఉంటారు. సిమెంటు కొట్టాయన, ఇనుము కొట్టాయన, గుమ్మాలకి కలప కోసే మిల్లాయన, అందరూ "మనకి తెలిసినాయనే".

స్లాబుకి రోజు పెట్టుకునేటప్పటికి కాలవలు కట్టేశారు. ఏటా వేసవిలో కట్టేస్తారు, మళ్ళీ ఊడుపుల ముందు వదులుతారు. పంచాయతీ కుళాయి పొద్దున్న కాసేపు వస్తుంది, అది తాగడానికీ వండుకోవడానికీ సరి. మా వైపు బోరు దించితే ఉప్పే.

"కాలవలొదిలేదాకా ఆగుదామా అన్నయ్యా?" అని రవి ఒకసారి అన్నాడు.

"పాస్టరుగారికి చెప్పేసేం. చుట్టాల్ని పిలిచేసేం. ఇప్పుడాగితే ఏం బాగుంటాదిరా? నీళ్ళ సంగతి నాకొదిలెయ్యి," అన్నారు మావారు.

ఆ రోజు పొద్దున్నే ట్యాంకరు వచ్చింది. డ్రైవరు పక్కన మావారు, బస్సులో నిలబడ్డట్టే తలుపు పట్టుకుని నిలబడి, "రైట్, రైట్, ఇంకొంచెం ఎనక్కి, హోల్డాన్" అంటూ దిగారు. కాట్రేనికోన అవతల రొయ్యల చెరువుల దగ్గర గుమాస్తా ఒకాయన రోజూ ఈయన బస్సులోనే వస్తాడట. అడగ్గానే పంపించాడట. చుట్టుపక్కల వాళ్ళందరూ వింటూ ఉండగా ఆ సంగతి రెండుసార్లు చెప్పారు.

డ్రమ్ములు నింపుతుంటే రవి వంగి, దోసిట్లో కొంచెం నీళ్ళు తీసుకుని నాలిక మీద వేసుకున్నాడు. వేసుకుని అన్నయ్య వైపు చూశాడు.

"ఏరా?"

"ఏం లేదన్నయ్యా."

"బాగున్నాయా?"

"ఆయ్."

నేను పొయ్యి దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను. చూశానే గాని, ఏం చూశానో నాకు తెలియలేదు.

పాస్టరుగారు మొదటి కాంక్రీటు గమేళా మీద చెయ్యి ఉంచి చాలాసేపు ప్రార్థించారు. పునాది గురించి, గోడల గురించి, ఆ కప్పు కింద కాపురముండే శాంతి సమాధానాల గురించి అడిగారు. నీళ్ళ గురించి ఏమీ అడగలేదు. ఎవరడుగుతారు? తరవాత సిమెంటు కలిపే మిషను హోరెత్తింది. ఆడా మగా వరసకట్టి గమేళాలు అందుకున్నారు. మధ్యాహ్నానికి పని ముగిసింది. స్లాబు వేసిన రోజు కూలీలకి కడుపునిండా పెట్టకపోతే ఆ ఇంటికి పేరుండదు మా వైపు. నేను చేసిన బిర్యానీ కొంచెం ముద్దయింది. మిషను తిప్పే సూరిబాబు గరిటె పెట్టి కదిపి చూసి, "అమ్మగారూ, మా స్లాబు కంటే మీ బిర్యానీయే ముందు సెట్టయిపోయిందండి" అన్నాడు. అందరూ నవ్వారు. రవి నవ్వలేదు. అలసిపోయాడనుకున్నాను.

జూలైలో వానలు పట్టుకున్నాయి. అంతవరకూ మేం పెరట్లో వేసుకున్న పాకలో ఉన్నాం. అది కారడం మొదలెట్టి, బియ్యం తడిసి, మెర్సీ పుస్తకాలు తడిసి, ఇంక తప్పక బాదుల మధ్యకి మకాం మార్చాం.

రవి రోజూ సాయంత్రం పని నుంచి వస్తూ ఆగేవాడు. ఒక్కొక్క బాదునీ అరచేత్తో తట్టేవాడు, కింద కొట్టిన చెక్క చీలల్ని సుత్తితో ఓ దెబ్బ వేసేవాడు. పశువుల్ని కట్టేసి చూసుకున్నట్టు చూసుకునేవాడు. ఈలోగా వాడి ఫోను మోగేది. వాడి సెంట్రింగు సామాను, చెక్కలూ బాదులూ అంతా, మా ఇంట్లోనే ఇరుక్కుపోయింది, అవతల ఇల్లు కట్టుకునేవాళ్ళు దానికోసం అడుగుతున్నారు. "పంపుతానండి. వానొకటి తెరిపియ్యనివ్వండి," అని పెట్టేసేవాడు.

"ఎప్పుడు తీస్తావు బాబూ?" అని నేను టీ ఇస్తూ అనేదాన్ని.

"ఉండనివ్వండొదినా. తడుంది కదా. ఆరనివ్వండి."

రవి మాట సరే. మావారి సంగతే నాకు అర్థం కాలేదు. దారిలో చెప్పు అడ్డంగా ఉంటే ఇల్లు పీకి పందిరేసే మనిషి. అలాంటాయన సంచీ, టిక్కెట్ల మిషనూ భుజాన వేసుకుని బాదుల మధ్య ఓరగా దూరి వెళ్తూ ఒక్కనాడూ విసుక్కోలేదు. "ఉండనీ, దానివల్ల మనకేం నష్టం?" అనేవారు.

ఉరుము ఉరిమినప్పుడల్లా నేను పైకి చూసేదాన్ని. పడితే ముగ్గురం ఒకేసారి పోతాం, ఏడవడానికి ఎవరూ మిగలరు అని నాకు నేను చెప్పుకునేదాన్ని. అది విశ్వాసమో, విశ్వాసం లేకపోవడమో నాకు ఇప్పటికీ తెలియదు. బయటికి పోదామంటే పాక కారుతోంది. అద్దెకి పోదామంటే, సొంత తమ్ముడు కట్టిన ఇల్లు వదిలి ఎందుకెళ్ళారని ఊరు అడుగుతుంది.

వంటింట్లో పొయ్యి పైన ఒక సెంట్రింగు చెక్క వానకి ఉబ్బి ఊడిపోయింది. అక్కడ మాత్రం స్లాబు అడుగు కనిపించేది. ఒకరోజు కూర పోపు వేస్తూ చూస్తే దానిమీద తెల్లగా, బూజులాగా ఏదో పూసింది. రవి వదిలేసిన నిచ్చెన ఎక్కి వేలితో తీశాను. పొడి. ఎందుకు బుద్ధి పుట్టిందో తెలియదు, నాలిక చివర పెట్టుకున్నాను.

ఉప్పు.

ఆ వారంలోనే గ్రామ సచివాలయం నుంచి లక్ష్మీతులసి అనే అమ్మాయి ఇంటి పన్ను కోసం కొలతలు తీసుకోవడానికి వచ్చింది. ఇంజినీరింగ్ అసిస్టెంటు. ఐనవిల్లి వాళ్ళమ్మాయి. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఆంటీగారూ, ఇందులోనే ఉంటన్నారా మీరు?"

"పాక కారిపోతందమ్మా."

"స్లాబు మొన్న వేసేరాండి?"

"మేలో."

ఆ పిల్ల నవ్వబోయి, నా మొహం చూసి ఆపుకుంది. టేపు ఒక కొస నాకిచ్చింది. బాదుల చుట్టూ తిప్పుకుంటూ హాలు కొలిచాం. వంటింట్లోకి వచ్చాక నేను పైకి చూపించాను. ఆమె నిచ్చెనెక్కి స్కూటీ తాళంతో గీకి చూసింది.

"నీళ్ళెక్కడివండీ?"

"ట్యాంకరు తెచ్చేరమ్మా. రొయ్యల చెరువుల దగ్గర్నుంచి."

ఆమె మెల్లగా నిచ్చెన దిగింది. నేను అడగాల్సింది అడిగేశాను. "పడిపోద్దా అమ్మా?"

"అయ్యో, లేదండి. ఇన్నాళ్ళు గట్టిపడ్డాక అలా పడదండి. మేస్త్రిగార్ని ఒకసారి అంచులూ దూలాలూ చూసుకుని బాదులు తీసెయ్యమనండి. సిమెంటు గట్టిపడ్డానికి ఉప్పు అంత అడ్డం రాదు. బాధంతా లోపలున్న ఇనుముతోనండి. సిమెంటు ఇనుము చుట్టూ పల్చటి పొరలాగా కాపలా కాస్తుంది. ఉప్పు ఆ పొరని తినేస్తుంది. తుప్పు పట్టిన చువ్వ లావెక్కుతుంది కదండీ? లావెక్కి, చుట్టూ ఉన్న కాంక్రీటుని లోపల్నించి పగలదీస్తుంది. పెచ్చులుగా రాలుతుంది."

"ఎప్పుడు?"

"పదేళ్ళు పట్టొచ్చు, ఇరవై పట్టొచ్చు. వాన లోపలికి దిగకుండా పైన పూత వేయించండి, కింద ప్లాస్టరింగు బాగా చేయించండి. ఓ ముక్క తీసి ల్యాబుకి పంపితే ఉప్పు ఎంతుందో చెప్తారు. తరవాతేం చెయ్యాలో మా ఏఈగారిని అడుగుదాం."

"ఆ ఉప్పు తీసెయ్యడానికి లేదామ్మా?"

"కలిసిపోయింది కదండీ," అంది ఆ పిల్ల, తను చేసిన తప్పులాగా.

ఆమె వెళ్ళాక నేను బాదుల మధ్య కూర్చున్నాను. ఇన్నాళ్ళూ నేను పడ్డది వేరే భయం. ఇవాళో రేపో మీద పడుతుందేమో అనుకున్నాను. ఇది పడదట. మా తలల మీద ఉండి, మేం అన్నాలు తింటూ, పెళ్ళిళ్ళు చేసుకుంటూ ఉండగా లోలోపల తన పని చేసుకుపోతుందట. ప్రార్థన చేసే పోశాం కదా, మరి ప్రార్థనకి ముందే నీళ్ళు రుచి చూసిన మనిషికి దేవుడు ఎందుకు నోరివ్వలేదు? రవికి తెలుసు. పదిమందిలో అన్నయ్య తెచ్చిన నీళ్ళు బాగోలేవని అనలేకపోయాడు. పోసేశాక భయం పట్టుకుని బాదులు తీయలేకపోతున్నాడు. ఇక, ఇన్నాళ్ళూ ఓరగా నడుస్తూ ఒక్క మాటా అనని మావారికి మాత్రం తెలియకుండా ఎలా ఉంటుంది?

మా ఇంట్లో రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన ఉంటుంది. ఒకరి తరవాత ఒకరు పైకి చేస్తాం. శనివారం రవి కూడా ఉంటాడు. మొహం మీద చెప్పుకోలేని మాటలు దేవుడికి చెప్పే మిషతో చెప్పుకోవడం మాకు ఎప్పటినుంచో అలవాటు. ఇది తప్పేమో అని పాస్టరుగారిని ఎప్పుడూ అడగలేదు, అడిగితే మానెయ్యమంటారేమోనని.

ఆ శనివారం మెర్సీ మొదలుపెట్టింది. "తండ్రీ, బీరకాయ ఒక్కటే కాదు, వేరే కూరగాయలు కూడా నువ్వే సృష్టించేవని మా అమ్మకి గుర్తుచెయ్యి." రవి దగ్గినట్టు నవ్వాడు. అది పూర్తయి నా వంతు వచ్చింది.

"ప్రభువా," అన్నాను. "ఈ కప్పులో ఉప్పుంది. నేను నాలిక మీద పెట్టుకుని చూసేను. ఆ రోజు కలిపిన నీళ్ళు ఎలాంటివో నీకు తెలుసు. తెలిసినవాళ్ళు ఈ ఇంట్లో ఇంకా ఉన్నారేమో. వాళ్ళకి నోరియ్యి."

బయట వాన గట్టిగా కురుస్తోంది. నా తరవాత వంతు మావారిది. ఆయన గొంతు సవరించుకోవడం వినిపించింది. కాని మాట రవి దగ్గర నుంచి వచ్చింది.

"తండ్రీ, ఆ నీళ్ళు నేనే పోయించేను. రుచి చూసే పోయించేను. మేస్త్రిని నేను. తప్పు నాది. అన్నయ్యకేం తెలీదు. క్షమించు."

ఒకరు ప్రార్థన ముగిస్తే మిగతావాళ్ళు దాన్ని ఒప్పుకున్నట్టు ఆమెన్ అనాలి. నాకు నోరు పెగల్లేదు. మెర్సీ కళ్ళు తెరిచి నా వైపు చూసింది. మావారికీ నాకూ మధ్య ఒక బాదు ఉంది. మొహం కనపడలేదు.

"ఆమెన్," అన్నారాయన.

అన్నం దగ్గర మజ్జిగ ఇంకొంచెం వెయ్యమన్నారు. వేశాను.

ఆ తరవాత అన్నీ చకచకా జరిగిపోయాయి. తప్పెవరిదో తేలిపోయినట్టు అయ్యేసరికి మావారికి ఎక్కడలేని హుషారూ వచ్చింది. "ఎన్నాళ్ళురా ఈ కర్రలు? వచ్చే వారం పీకెయ్," అన్నారు. రవి మమ్మల్నీ కూలీల్నీ అందర్నీ వాకిట్లోకి పంపేశాడు. ఒక్కడే లోపల ఉండి చీలలు కొట్టడం మొదలుపెట్టాడు. బాదు తరవాత బాదు నేలమీద పడుతున్న చప్పుడు. ప్రతి చప్పుడుకీ నేను కళ్ళు మూసుకున్నాను. చివరికి వాడు దుమ్ము కొట్టుకుపోయి గుమ్మంలోకి వచ్చాడు. "ఏం అవలేదొదినా," అన్నాడు. మావారు వాడి వీపు చరిచి, కూలీలకి కూల్‌డ్రింకులు తెప్పించారు.

హాలు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది. అయినా చాలా రోజుల వరకూ నేను భుజం ఓరగా తిప్పే నడిచాను.

స్లాబు నిలబడింది గాని రవి పేరు నిలబడలేదు. మూడు నెలలు బాదులు తీయలేదంటే ఏదో ఉండే ఉంటుందని ఊరు అనుకుంది. వాడి సామాను కోసం ఫోన్లు చేసినవాళ్ళు వేరే మేస్త్రిని పెట్టుకున్నారు. పది మంది చేత పని చేయించేవాడు ఐ.పోలవరం వైపు ఎవరి కిందో రోజు పనికి వెళ్ళడం మొదలెట్టాడు. మా తోడికోడలు చర్చిలో నా పక్కన కూర్చోవడం మానేసింది.

ఒకరోజు వాడు బస్సు కోసం నిలబడి ఉంటే కనిపించాడు.

"ఎందుకలా అన్నావు బాబూ? నువ్వు తెచ్చేవా ఆ నీళ్ళు?"

"ఆ రోజే అనాల్సిందొదినా. అనలేదు కాబట్టి నాదేనండి." బస్సొచ్చే వైపు చూస్తూ, "మీరు అన్నయ్యనేం అనకండి. పెద్దోడు," అన్నాడు.

వాడన్నదాంట్లో సగం నిజమే, అదే నన్ను కదలనివ్వలేదు. వాడి మాట పట్టుకుని ఊరుకుంటే వాడి పొట్ట పోతుంది. పదిమందిలో చెబితే మావారి తల వంగుతుంది. ఇంట్లో ఒకసారి, "రవికి పన్లేదటండి," అన్నాను. "వానాకాలం కదా, ఎవరికుంటది?" అని ఆయన చొక్కా తొడుక్కున్నారు. నేను ప్రార్థనలో కూడా ఆ మాట ఎత్తడం మానేశాను. ఒకసారి ఎత్తి ఏం సంపాదించాను? ఒక అబద్ధానికి ఆమెన్.

దసరా ముందు ఒక ఆదివారం, మేం చర్చి నుంచి వచ్చాక, వెనకవీధి బుల్లబ్బాయిగారు వచ్చారు. కొబ్బరి తోటల రైతు. పైన మేడ వేసే ఆలోచనలో ఉన్నారు. మావారు హాల్లో కుర్చీ వేశారు. ఆయన కూర్చుని, మర్యాదకి నా ఆరోగ్యం, మెర్సీ చదువూ అడిగి, తరవాత పైకి చూశారు.

"కండక్టరుగారూ, మొహమాటపడకండి. మీ తమ్ముడు పనిమంతుడని మా ఇంట్లో ఆవిడంటది. బయటేమో ఏదోలా అనుకుంటన్నారు. మీరు సొంతవారు. ఉన్నమాట చెప్పండి, ఆయన చేత ఏయించమంటారా, వద్దంటారా?"

నేను టీ గ్లాసులతో వంటింటి గుమ్మంలో ఉన్నాను. ఇప్పుడు మధ్యలో అడ్డం ఏమీ లేదు. మావారి మొహం నాకు పూర్తిగా కనిపిస్తోంది, నాది ఆయనకీ. నేను కళ్ళు తిప్పలేదు.

"మావోడి పని మంచిదేనండి," అన్నారాయన.

"ఆయ్. మరా బాదులు..."

మావారు తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. మడతపెట్టారు. మళ్ళీ తుడుచుకున్నారు.

"నీళ్ళండి," అన్నారు.

"ఆయ్?"

"నీళ్ళు నేను తెచ్చేనండి. రొయ్యల చెరువు నీళ్ళు. ఆగుదామన్నాడు మావోడు, నేనే ఇనలేదు. రుచి చూసి నా మొకంలోకి చూసేడు కూడానండి. పెద్దోణ్ణని ఏం అనలేకపోయేడు. మీరు ఆడిచేతే ఏయించుకోండి. నీళ్ళ సంగతి మాత్రం ఆడికే ఒదిలెయ్యండి."

బుల్లబ్బాయిగారు "ఆయ్, ఆయ్" అని తల ఊపారు. నేనిచ్చిన టీ అందుకున్నారు. ఒక గుక్క తాగి, మరోసారి పైకి చూసి, మెల్లగా లేచి కుర్చీని వాకిట్లోకి జరుపుకున్నారు.

"పడదండి," అన్నారు మావారు.

"ఆయ్, తెలుసండి. గాలికండి," అన్నారు బుల్లబ్బాయిగారు ఎంతో మర్యాదగా.

మావారు కుర్చీ కదపలేదు. ఖాళీ అయిన చోట నేను పీట వేసుకుని కూర్చున్నాను. ఆయన నా వైపు చూడకుండా చెయ్యి చాపి, "ఫోనిలా ఇయ్యి" అన్నారు. రవికి కలిపారు. అటు మోగి మోగి ఆగిపోయింది. వాడు ఎత్తలేదు.

ఆయన మళ్ళీ నొక్కారు.